వీడియో ఆటలు – మన పిల్లలు – మన అక్షరములు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భజనలు, కోలాటములు జరిగే ఈ ఉత్సవములో వీడియో ఆటలను గురించి ప్రసంగమేమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చును. కార్యవర్గమువారు మమ్ము కోరినది తెలుగు తరగతిని గురించి నాలుగు మాటలు చెప్పమని. ఆ నాలుగు మాటలు చెప్పుటకే ఈ విషయమును ఎంచుకొన్నాము. సాయంకాలపు తరగతికి రావలసిన పిల్లలు ఎక్కడ ఉన్నారని వెతికితే, వారు ఫోనులో ఉన్నారు. ఒకప్పుడు మా తరగతిలో నాలుగు బెంచీలు నిండేవి. ఈనాడు ఒక బెంచీ పూర్తిగా నిండుట లేదు. ఈ తరగతిని నడుపవలెనా, మూయవలెనా అను మాట సంఘములో వినిపిస్తున్నది. కాబట్టి మన పిల్లలను తీసుకొనిపోయిన ఆ ఆటను తిట్టుటకు ముందు, అది ఏమిటో, ఎట్లు పనిచేయునో, ఎవరు చేసినారో తెలుసుకొందాము. అందులో మనకు పనికివచ్చే పాఠము ఒకటి ఉన్నదని మా నమ్మకము.

ఆట మనకు క్రొత్త కాదు. పులిజూదము, వామనగుంటలు, వైకుంఠపాళి మన పూర్వుల ఆటలు. ఈ గడ్డ మీద మన భారతీయులు ఆడే థూనీ పేకాట లేనిదే డర్బన్‌లో పెళ్ళివారి ఇల్లు ఇల్లనిపించదు. వీడియో ఆట కూడ ఆటయే. దానికీ నియమములు ఉన్నవి, గెలుపు ఓటములు ఉన్నవి. ఎదురుగా కూర్చొనువాడు మనిషి కాక యంత్రము, అంతే భేదము. ఈ ఆటలలో చాల రకములు ఉన్నవి. మేము ఈనాడు చెప్పునది పరుగు, దూకుడు, గురి కలిగిన యాక్షన్ ఆటలను గురించి, నాణెము వేసి ఆడిన ఆర్కేడు ఆటలను గురించి. వీటిలో ఆలోచించుటకు వ్యవధి ఉండదు. కంటికి కనబడిన క్షణమే వేలు కదలవలెను.

యాభై ఏండ్లు దాటిన వారికి టీ రూములు జ్ఞాపకము ఉండును. చాట్స్‌వర్త్‌లోను, ఫీనిక్స్‌లోను, రొట్టె, పాలు, బన్నీ చౌ అమ్మే మూలమీది కొట్టులో, గోడ ప్రక్కన నిలువెత్తు పెట్టె ఒకటి ఉండేది. నాణెము వేస్తే తెర వెలిగేది. ఒకడు ఆడితే పదిమంది వెనుక నిలిచి చూచేవారు. మన దేశములో టెలివిజనే 1976లో మొదలైనది. కనుక ఎందరో పిల్లలకు, తెరమీది బొమ్మను తమ చేతితో కదిలించుట ఆ టీ రూములోనే మొదటిసారి జరిగినది.

ఆ పెట్టెలలో లోకప్రసిద్ధి పొందినవాటిలో ఒకటి స్పేస్ ఇన్వేడర్స్. జపాను దేశములో టైటో కంపెనీలో పనిచేసిన తొమొహిరో నిషికాడో దానిని చేసినారు. అది 1978లో వచ్చినది. తెర మీద 5 వరుసలు, వరుసకు 11 చొప్పున 55 శత్రువులు దిగివస్తారు. క్రింద మన ఫిరంగి ఒక్కటి. శత్రువులను కూల్చిన కొద్దీ మిగిలినవారి వేగము పెరుగును. చివరి ఒక్కడు మెరుపు వలె పరుగెత్తును. ఈ వేగము మొదట ఎవరో ఆలోచించి పెట్టినది కాదు. యంత్రము ఒక్కొక్క మారు ఒక్కొక్క శత్రువునే జరుపగలదు. 55 మంది ఉంటే ఒక చుట్టు పూర్తియగుటకు చాలసేపు పట్టును, ఐదుగురే ఉంటే చిటికెలో అయిపోవును. యంత్రము యొక్క బలహీనత నుండి వచ్చిన ఆ గుణమును నిషికాడో తీసివేయక ఉంచుకొన్నారు. ఆటకు ఉత్కంఠ అంతా అక్కడినుండే వచ్చినది. ఉన్నదానితోనే పని జరుపుకొనుట ఎట్లో ఇది చూపుతున్నది. ఈ మాటను దయచేసి మనసులో ఉంచుకొనండి. మరల దీని దగ్గరకు వస్తాము.

తరువాత 1980లో నామ్కో కంపెనీలో టోరు ఇవాటానీ చేసిన ప్యాక్-మ్యాన్ వచ్చినది. కాల్చుట, చంపుట అను ఆటలు మగపిల్లలకే పరిమితమగుచున్నవని, ఆడపిల్లలు కూడ ఆడదగినదిగా ఉండవలెనని, తినుట అను విషయమును ఆయన తీసుకొన్నారు. పసుపుపచ్చని గుండ్రని నోరు చుక్కలను తింటూ పోవును. నాలుగు దయ్యములు తరుమును. చూచువారికి ఆ నాలుగూ ఒకటే. కాని నాలుగింటికి నాలుగు స్వభావములు. ఎర్రది సూటిగా వెంటబడును. గులాబీరంగుది మనము పోవు దిక్కున నాలుగు గడుల ముందుకు గురిపెట్టి అడ్డగించును. నీలిది ఎర్రది ఎక్కడ ఉన్నదో చూచుకొని తన దారి నిర్ణయించుకొనును. నారింజరంగుది దూరమునుండి వెంబడించి, దగ్గరకు రాగానే తన మూలకు పారిపోవును. టీ రూములో నిలిచిన పిల్లవాడు ఏ పుస్తకమూ చదువక, ఓడి ఓడి, ఈ నాలుగు స్వభావములనూ కనిపెట్టినాడు. మేము నలుబది సంవత్సరములు పాఠము చెప్పినాము. ఇంత శ్రద్ధగా నేర్చుకొను విద్యార్థులను మా తరగతిలో అరుదుగా చూచినాము.

ఎందుకు ఇట్లు నేర్చుకొన్నాడని అడిగితే, ఆట వానిని ఎగతాళి చేయదు కనుక. ఓడినావు, మరల మొదలుపెట్టు అనును. అంతే. మన ఇండ్లలో పిల్లవాడు ‘నాకు ఆకలి అయినది’ అనుటకు బదులు వేరొక విధముగా అంటే, మామలు, అత్తలు అందరు ఫక్కున నవ్వుతారు. ప్రేమతోనే నవ్వుతారు, సందేహము లేదు. కాని ఆ పిల్లవాడు ఆ రోజునుండి ఇంగ్లీషులోనే మాట్లాడును. తప్పుకు శిక్ష చిన్నదిగాను, మరుప్రయత్నము వెంటనేయు ఉండవలెను. ఇది ఆట మనకు చెప్పు మొదటి పాఠము.

ఆర్కేడు ఆటకు ఒక లెక్క ఉన్నది. కొట్టువానికి నాణెము కావలెను. పిల్లవాడు ఒక్క నాణెముతో సాయంకాలమంతా నిలిస్తే వ్యాపారము సాగదు. కనుక మూడు ప్రాణములు ఇచ్చి, కొద్ది నిమిషములలో కష్టము పెంచుకొనిపోతారు. అయినను అన్యాయముగా ఓడించినట్లు తోచకూడదు. ‘నేనే ఆలస్యము చేసినాను, ఈమారు గెలుస్తాను’ అనిపించవలెను. అప్పుడే రెండవ నాణెము పడును. ఆ కాలపు ఆటల బిగువంతా ఈ బేరములోనే ఉన్నది.

తరువాత ఆట ఇంటికి వచ్చినది. 1977లో వచ్చిన అటారి 2600 అను యంత్రమునకు పనిచేయుటకు ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. ఈనాటి యూనికోడ్ పద్ధతులలో వాడుకలో ఉన్న యుటిఎఫ్-8 ప్రకారము వ్రాస్తే, అందులో 42 తెలుగు సంకేతములు పట్టును. అనగా ఒక చిన్న వాక్యము. అంత చోటులోనే ఆటలు నడిపినారు. 1983లో జపానులో నింటెండో వారి ఫ్యామిలీ కంప్యూటర్ వచ్చినది. మన దేశములో 1990ల నాటి ఇండ్లలో కనిపించినది చాలవరకు దాని నకలు యంత్రములు. ‘గోల్డెన్ చైనా’ పేరుగల పెట్టెను మన పిల్లలు ‘టీవీ గేము’ అనేవారు. పండుగకు క్రొత్త బట్టలు వద్దు, టీవీ గేము కావలెనని ఏడ్చిన పిల్లలు ఈనాడు ఈ సభలో తండ్రులై కూర్చున్నారు. వారి ముఖములలో నవ్వు ఇక్కడినుండే కనబడుతున్నది.

ఆ తరువాత ఆట జేబులోకి దిగినది. 1989 నాటి గేమ్ బాయ్ నాలుగు చిన్న బ్యాటరీలతో నడిచేది. 1997లో నోకియా 6110 ఫోనులో పాము ఆట వచ్చినది. టానెలి అర్మాంటో అను ఫిన్లాండు ఇంజనీరు దానిని వ్రాసినారు. దాని మూలము 1976 నాటి బ్లాకేడ్ అను నాణెపు యంత్రము. అట్లు ఇరవై ఏండ్లకు టీ రూము ఆట ఫోనులోకి వచ్చి కూర్చున్నది. 2010లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో హాఫ్‌బ్రిక్ వారు చేసిన ఫ్రూట్ నింజాలో బటను కూడ లేదు. వేలితో తెరను గీస్తే పండ్లు తెగును. మూడేండ్ల మనుమరాలు ఎవరూ చెప్పకుండ ఆడును.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. టీ రూములో నాణెము అయిపోతే పిల్లవాడు ఇంటికి వచ్చేవాడు. ఫోనులో చాల ఆటలకు ముందు డబ్బు అడుగరు. ఆడుచున్నప్పుడు అడుగుతారు. ప్రాణములు కావలెనా, బంగారు నాణెములు కావలెనా అని తెర మీద మెరిపిస్తారు. కొన్నింటిలో ప్రకటనలు చూపి సంపాదిస్తారు. దానికి సాయంకాలము అను హద్దు లేదు. 2013లో వియత్నాము యువకుడు డాంగ్ గుయెన్ చేసిన ఫ్లాపీ బర్డ్ ఆట లోకమంతట ప్రాకగా, జనము దానికి బానిసలగుచున్నారని, 2014 ఫిబ్రవరిలో ఆయనే దానిని తీసివేసినారు. చేతికి వచ్చుచున్న ధనమును వదులుకొన్న ఆ మనిషిని మెచ్చుకోవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ ఆటను అదుపు చేసుకొనలేని స్థితిని వ్యాధుల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరినుండి అమలులో ఉన్నది. చదువు, నిద్ర, ఇల్లు అన్నింటినీ ఆట మ్రింగివేయుట, సామాన్యముగా 12 నెలలు ఆ స్థితి సాగుట దాని లక్షణములు. ఆడు ప్రతి పిల్లవాడు రోగి అని దాని అర్థము కాదు. హద్దు పెట్టువారు ఇంట ఉండవలెనని అర్థము.

ఇప్పుడు మేము అసలు చెప్పదలచిన విషయమునకు వస్తున్నాము. ఇంగ్లీషులో ‘హోమ్‌బ్రూ’ అను మాట ఒకటి ఉన్నది. ఇంటిలో కాచుకొన్నది అని దాని అర్థము. మొదట అది సారాను గురించిన మాట. ఈ సభలో దానిని ఇంటివంట అనుకొందాము. 1975లో కాలిఫోర్నియాలో కొందరు ఔత్సాహికులు ఒక కారు షెడ్డులో చేరి, హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు పెట్టుకొన్నారు. కంప్యూటరు కంపెనీలకే కాదు, మనము కూడ చేయగలమని వారి పట్టుదల. ఆపిల్ కంప్యూటరును రూపొందించిన స్టీవ్ వోజ్నియాక్ ఆ క్లబ్బు సభ్యుడే.

ఆటల లోకములో ఇంటివంట అంటే ఏమి? ఒక యంత్రమును కంపెనీ అమ్ముట మానివేయును. క్రొత్త ఆటలు రావు. లోకము దానిని చచ్చినదని అనును. కాని దానిని ప్రేమించినవారు కొందరు ఉంటారు. వారు పగలు ఉద్యోగము చేసుకొని, రాత్రి ఇంట కూర్చొని, ఆ యంత్రము యొక్క మర్మములన్నీ నేర్చుకొని, దానికి క్రొత్త ఆటలు వ్రాస్తారు. సెగా వారు డ్రీమ్‌కాస్ట్ యంత్రమును 2001లో ఆపివేసినారు. 2013లో స్టర్మ్‌విండ్ అను విమానయుద్ధపు ఆట దానికి వచ్చినది. నింటెండో వారి 1980ల నాటి యంత్రమునకు 2019లో మైక్రో మేజెస్ అను ఆట వచ్చినది. నలుగురు కలిసి కోట గోడలెక్కు ఆట అది. అంతా కలిసి 40 కిలోబైట్లు. ఈనాడు ఫోనులో తీసిన ఒక్క ఫోటో అంతకంటె ఎన్నో రెట్లు పెద్దది. ఇంటివంట దొంగతనము కాదని పిల్లలు గ్రహించవలెను. ఒకరి ఆటను నకలు తీసి అమ్ముట వేరు. పాత యంత్రమునకు తన సొంత ఆటను వ్రాయుట వేరు.

ఇది ఎక్కడో జపానులోను, అమెరికాలోను జరుగు పని అనుకొనవద్దు. మన దక్షిణాఫ్రికాలోనే 1996లో టాక్సిక్ బన్నీ అను దుముకుడు ఆట తయారైనది. కేప్‌టౌనులో ఫ్రీ లైవ్స్ అను చిన్న బృందము చేసిన బ్రోఫోర్స్ అను యాక్షన్ ఆట 2015లో పూర్తి రూపములో వెలువడి, దేశదేశములలో ఆడబడినది. ఈ దేశపు పిల్లల చేతికి ఆ విద్య అందనిది కాదు.

సభాసదులారా, ఈ దేశములో మన తెలుగును గురించి ఆలోచించండి. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుండి వచ్చిన నాటినుండి 1911 వరకు మన పెద్దలు ఓడలలో తెచ్చుకొన్న భాష ఇది. వ్యాపారమునకు అక్కరలేదు, ఉద్యోగమునకు అక్కరలేదు. దీనికొరకు ఏ పెద్ద కంపెనీయు ఇక్కడ ఆట చేయదు. బజారు లెక్కలో ఇది అమ్మకము ఆగిపోయిన యంత్రము వంటిది. ఆగిపోయిన యంత్రమును ఎవరు బ్రతికించుకొన్నారో ఇప్పుడే చెప్పుకొన్నాము. కంపెనీ కాదు, ప్రభుత్వము కాదు. పని ముగించుకొని, రాత్రి రెండు గంటలు కూర్చొన్న ఇంటివారు. మన సాయంకాలపు తరగతి కూడ మొదటినుండి ఇంటివంటయే. మన తాతలు దీపము ముందర నేలమీద ఇసుకలో వ్రాసి నేర్పిన అక్షరములకు ఏ కంపెనీ అచ్చు వేసినది?

మాటలు చెప్పుట సులభము, పని ఎట్లని అడుగుతారు. అదియు చెప్పుతాము. జిబి స్టూడియో అను ఉచితమైన సాధనము ఒకటి ఉన్నది. క్రిస్ మాల్ట్‌బీ అను ఆయన దానిని 2019లో విడుదల చేసినారు. ప్రోగ్రాము వ్రాయుట రానివారు కూడ దానితో గేమ్ బాయ్ ఆటలు చేయవచ్చును. చేసిన ఆటను కంప్యూటరులోనే ఆడుకొనవచ్చును. గేమ్ బాయ్ తెర అడ్డముగా 160 చుక్కలు, నిలువుగా 144 చుక్కలు. దానిని 8 చుక్కల గడులుగా విభజించినారు. ఇంగ్లీషు అక్షరము ఒక గడిలో ఇమిడిపోవును. మన అక్షరము ఇమడదు. తలకట్టు పైకి పోవును, వత్తు క్రిందికి దిగును. కాని నాలుగు గడులు కలిపి 16 చుక్కల చదరము చేస్తే అక్షరము హాయిగా కూర్చుండును. అప్పుడు తెర మీద వరుసకు 10 అక్షరములు, 9 వరుసలు పట్టును. వర్ణమాల అంతా ఒకేసారి చూపనక్కరలేదు. ఒక దృశ్యమునకు ఒక గుణింతము చాలును. చోటు తక్కువైనది కదా అని నిషికాడో ఆగిపోలేదు. మనమును ఆగనక్కరలేదు.

ఈ పని మా తరగతిలో గళ్ళ కాగితము మీద మొదలైనది. పిల్లలకు 16 గళ్ళు అడ్డము, 16 గళ్ళు నిలువు ఇచ్చి, పెన్సిలుతో చుక్కలు నింపి ‘ద’ వ్రాయమన్నాము. తరువాత ‘ధ’ వ్రాయమన్నాము. క్రింద చిన్న గీత ఒకటి పెడితే మాట మారిపోవునని, ఆ గీతకు రెండు చుక్కలు చాలునా, మూడు కావలెనా అని వారిలో వారు వాదించుకొన్నారు. ‘వ’కు తోక పెడితే ‘మ’ అగునని ఒక పాప కనిపెట్టి కేక వేసినది. ఏండ్ల తరబడి నల్లబల్లమీద వ్రాసినను పట్టని సంగతి ఒక్క సాయంకాలము గళ్ళ కాగితముమీద పట్టినది.

తరువాత ఆటలో ఏరుకొనవలసిన వస్తువులకు పేర్లు కావలసివచ్చినవి. పది ఏండ్ల బాలుడు ఒకడు ఇంటికి పోయి తన అవ్వను అడిగినాడు. ఆమెకు తెలుగు చదువుట రాదు, మాట్లాడుట వచ్చును. చెరకు, కత్తి, తట్ట, బండి అని ఆమె చెప్పినది. ఇంటిలోని పాత ఇత్తడి పాత్ర ఒకటి చూపి, ‘ఇది ఏమి అవ్వా?’ అని అడిగినాడు. ‘చెంబు, నాయనా. మీ ముత్తాత ఓడ దిగినప్పుడు చేతిలో ఉన్నది ఇదే’ అన్నది. ఆ పాత్ర ఆ ఇంట పుట్టినప్పటినుండి వాని కళ్ళ ముందే ఉన్నది. దాని పేరు అడుగుటకు వానికి ఇంతవరకు అవసరము కలుగలేదు. ఆట ఆ అవసరమును కల్పించినది. ‘చెంబు’లో సున్న ఎక్కడ పెట్టవలెనని వాడు మరునాడు మా దగ్గరకు వచ్చి అడిగినాడు.

కనుక ఈ సభ ముందు మా మనవి ఇది. తరగతిని మూయవద్దు. వారమునకు ఒక సాయంకాలము దానిని ఆట తయారుచేయు సాయంకాలముగా మార్చుదాము. సంఘములో వాడకుండ పడియున్న పాత కంప్యూటర్లు రెండు మూడు ఇప్పించండి. కంప్యూటరు పని తెలిసిన మన యువకులు నెలకు ఒకమారు వచ్చి కూర్చొనండి. తెలుగు మాట్లాడగల అవ్వలు, తాతలు వచ్చి, ఆటలోని మాటలను తమ కంఠముతో పలుకండి. పిల్లలు తప్పు పలికితే నవ్వవద్దు. మరల పలుకుమనండి. తల్లిదండ్రులు ఇంట ఫోనుకు ఒక వేళ నియమించండి. ఆ వేళ ముగిసిన తరువాత, ఈరోజు ఏ అక్షరమునకు ఎన్ని చుక్కలు పెట్టినావని అడుగండి.

ఆ ఆట లోకప్రసిద్ధి కాకపోవచ్చును. ఇరువది కుటుంబములు ఆడితే మనకు చాలును. చెరకు తోటలో పరుగెత్తు ఒక చిన్న బొమ్మ, దాని ముందు ఒక చెంబు, దాని మీద మన అక్షరములలో దాని పేరు. వచ్చే ఉత్సవమునాటికి దానిని ఇదే వేదిక ప్రక్కన ఒక బల్లమీద పెట్టవలెనని మా కోరిక. నాణెము వేయనక్కరలేదు. పేరు పైకి చదివినవారికి ఒక ఆట ఉచితము.